ఫిర్మిన్ నడుముకి కుట్టిన పట్టీలు

ఆ రోజు ఫిర్మిన్ బోదార్ ఆ ఒక్క మాట అనలేదా, అనలేకపోయాడా?

నలభై నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. జవాబు చెప్పగలిగిన మనిషిని ఒకే ఒక్కసారి అడిగాను. అతను చెప్పింది విన్నాక ప్రశ్న ఇంకా బరువెక్కింది. ఊళ్ళో గుర్రాలు పోయి మోటారు బళ్ళు వచ్చాక గుర్రపు జీన్లు కుట్టే నాకు పని తగ్గింది. ఆ తీరికలో చాలా పుస్తకాలు చదివాను. ఈ ఒక్క సంగతిలో నాకు పనికొచ్చే మాట వాటిలో ఎక్కడా కనబడలేదు.

మా ఊరు కోప్లీ ఫెర్రీలో మొనాంగహేలా నదికి అటు బొగ్గు గని, ఇటు కిటికీ అద్దాల కార్ఖానా ఉండేవి. ఫిర్మిన్ ఆ కార్ఖానాలో గాజు ఊదేవాడు. బెల్జియం నుంచి తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చినప్పుడు అతనికి ఆరేళ్ళట. తండ్రి కూడా ఊదేవాడే. ఆ పని పరాయివాళ్ళకి నేర్పరు. కొడుక్కి నేర్పుతారు, లేకపోతే తమ్ముడికి, మేనల్లుడికి. అందుకని ఊళ్ళో మిగతావాళ్ళకి వాళ్ళంటే కొంచెం ఈర్ష్య, కొంచెం కోపం. ఆదివారం ప్రార్థన అవగానే బీరు తాగుతారని, ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడుకుంటారని, పిల్లనిచ్చినా పుచ్చుకున్నా వాళ్ళలో వాళ్ళేనని చెప్పుకునేవాళ్ళు. అవన్నీ నిజమే. అందులో తప్పేముందో మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కారు.

మనిషి పొడుగు కాదు. ఛాతీ మాత్రం పీపాలా ఉండేది. కొనుక్కున్న చొక్కా ఏదీ అతనికి సరిపోయేది కాదు. అతని భార్య లియోనీ ప్రతి చొక్కాకీ రెండు చంకల కింద వేరే గుడ్డ వేసి కుట్టేది. ఇప్పుడు అద్దాలు యంత్రాలు చేస్తున్నాయి గానీ, అప్పుడు ప్రతి కిటికీ అద్దమూ ఒకడి ఊపిరే. కొలిమి ముందు లోతైన గొయ్యి, గొయ్యి మీద బల్ల. ఆ బల్ల మీద నిలబడి, కరిగిన గాజు ముద్ద ఉన్న పొడవాటి ఇనుప గొట్టాన్ని గడియారం లోలకంలా ఊపుతూ ఊదాలి. ముద్ద సాగి సాగి మనిషంత పొడుగు సిలిండర్ అవుతుంది. తర్వాత దాన్ని నిలువునా చీల్చి, వేడి మీద పరిచి, అద్దం చేస్తారు. నా కొట్టు కిటికీలో ఎడమవైపు అద్దం ఫిర్మిన్ ఊదినదే. దానిలోంచి చూస్తే వీధిలో పోయే మనిషి ఒకచోట కాస్త వంగి మళ్ళీ నిటారవుతాడు.

మేమంతా అతన్ని 'తిత్తి' అని పిలిచేవాళ్ళం. కమ్మరి కొలిమి తిత్తి. మంగలి కొట్టులో ఒక చివర కుర్చీలో కూర్చుని, ఎనిమిది అడుగుల అవతల గోడమీద వెలిగే దీపాన్ని ఒక్క ఊదుతో ఆర్పేసేవాడు. చిమ్నీ తీసేసి పందెం పెట్టేవాళ్ళు. గడ్డం సగం గీసుకున్నవాడు కూడా లేచి చప్పట్లు కొట్టేవాడు.

పద్దెనిమిది వందల తొంభై నాలుగో సంవత్సరం సెప్టెంబర్లో ఏసా కోల్టర్ ఊరికి తిరిగొచ్చాడు. ఏసా మందుల కొట్టు వాళ్ళబ్బాయి. రెండేళ్ళు కాలేజీలో చదివి, చదువు సగంలో వదిలేసి, ఒక తోలు బంతి, ఒక నియమాల పుస్తకం, ఒక వంకర ముక్కు వెంట తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండా ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాడు. గని కుర్రాళ్ళు, కసాయి కొట్టతను, అద్దాలు కోసేవాళ్ళు ఇద్దరు, ఇరవై రెండేళ్ళ నేను అందులో చేరాం. తల కాపాడుకోవడానికి అందరం జుట్టు పెంచాం. మా అమ్మ నన్ను చూసి మొహం తిప్పుకునేది.

ఊదేవాళ్ళు మాత్రం ఒక్కడూ రాలేదు. పళ్ళు, పెదాలు, పక్కటెముకలు. వాళ్ళ పనిముట్లన్నీ ఒంటి మీదే ఉంటాయి మరి.

ఏసా ఒక శనివారం మంగలి కొట్టులోనే ఫిర్మిన్‌ని పట్టుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"తిత్తీ, నువ్వు రావాలి. నిన్ను పడగొట్టేవాడు ఈ నది పొడుగునా లేడు."

"నేనా? నాకు పరిగెత్తడం రాదు."

"ఎవడు పరిగెత్తమన్నాడు? బంతి కడుపులో పెట్టుకుని నిలబడు. మేం తోస్తాం."

"దీపాలార్పడం అంత తేలికనుకున్నావా ఏసా," అన్నాడు కుర్చీలో నురగ పూసుకుని కూర్చున్న గనివాడొకడు. "వాళ్ళావిడ ఒప్పుకోవాలి ముందు. ఆవిడ ఊదమంటే ఊదుతాడు, ఆపమంటే ఆపుతాడు."

అందరూ నవ్వారు. ఫిర్మిన్ కూడా నవ్వాడు. "నిజమే," అన్నాడు. "మరి నీ ఇంట్లో సంగతేమిటి? నిన్న మీ ఆవిడ నీ టోపీ వీధిలోకి విసిరేసిందిట కదా?"

ఆ రోజు రానన్నాడు. మరుసటి శనివారం కార్ఖానా మధ్యాహ్నం మూసేశాక మైదానం అంచున నిలబడి చూశాడు. ఆ పై శనివారం చొక్కా విప్పి లోపలికొచ్చాడు.

ఎందుకొచ్చావని తర్వాత ఒకసారి అడిగాను. "ఊదేటప్పుడు వెనక ఎవరూ ఉండరు, జోనస్," అన్నాడు. "బల్ల మీద నేనొక్కణ్ణే. సాగితే నా వల్ల సాగింది, పగిలితే నా వల్ల పగిలింది. ఇక్కడ పదిమంది నా వీపు మీద చేతులేసి తోస్తుంటే..." చెప్పడం ఆపి సిగ్గుపడ్డాడు. "బాగుంటుంది, అంతే."

అప్పటి ఆట సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. బంతి చేతుల్లో పట్టుకుని అవతలి గీత దాటించాలి, అది ఇప్పుడూ ఉంది. కానీ అప్పుడు పట్టుబడినవాడు ఆగాడా లేదా అన్నది ఆ పట్టుబడినవాడే చెప్పాలి. ఇక కదల్లేననుకున్నప్పుడు తన నోటితో తనే 'డౌన్' అని అరవాలి. ఆ మాట వినబడ్డాక ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వినబడేదాకా అవతలివాళ్ళు వెనక్కి లాగొచ్చు, ఇవతలివాళ్ళు ముందుకు తోయొచ్చు, ఎంతమందైనా మీద పడొచ్చు.

మొదటి ఆటలో ఫిర్మిన్ బంతి అందుకుని రెండడుగులు వేశాడో లేదో, ఎవడో నడుం పట్టుకోగానే "డౌన్!" అని బ్రహ్మాండంగా అరిచాడు. నదికి అవతలి ఒడ్డున కూడా వినబడి ఉంటుంది. పట్టుకున్నవాడే బెదిరి వదిలేశాడు. జనం పడీపడీ నవ్వారు. "తిత్తి గాలి పోయిందిరా!" అని ఎవడో కూశాడు. వారం రోజులు ఆ మాట అతని వెనకే తిరిగింది.

"ఆ మాట అంత తొందరగా అనకు," అన్నాడు ఏసా. "నువ్వు ఇంకా నిలబడి ఉన్నావంటే మనం ఇంకా ముందుకెళ్ళొచ్చు. అంగుళమైనా సరే. నీకున్న ఊపిరి ఎవడికుంది?"

రెండో ఆటలో ఫిర్మిన్ పంతం పట్టాడు. ముగ్గురు మీద వేలాడుతున్నా అరవలేదు. మైదానం అంచున నిలబడ్డ గనివాళ్ళు సరదాకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... పదమూడు దగ్గర "డౌన్" అన్నాడు. మూడో ఆటకల్లా లెక్కపెట్టడం ఊరంతటికీ అలవాటైపోయింది. అతను దొరకగానే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పాస్టరు గారి భార్యతో సహా అందరూ ఒకే గొంతుతో అందుకునేవాళ్ళు. పద్దెనిమిది. ఇరవై రెండు. సోమవారం పొద్దున వీధిలో కలిస్తే పలకరింపుకి బదులు ఆ అంకె చెప్పుకునేవాళ్ళం. బెల్జియం వాళ్ళతో ఎన్నడూ మాట కలపనివాళ్ళు కూడా అతని వీపు తట్టి "ఇరవై రెండు!" అనేవాళ్ళు. మొహం ఎర్రబడేది అతనికి, సంతోషంతో.

పట్టీల ఆలోచన నాదే.

తోసేటప్పుడు చేతులు జారిపోయేవి. బురద, చెమట, ఎక్కడ పట్టుకోవాలో తెలిసేది కాదు. నేను గుర్రాలకి సరంజామా కుట్టేవాణ్ణి. నాకు ఆ ఊహ రావడం ఎంతసేపు? మందమైన కాన్వాసు చొక్కాకి నడుం దగ్గర కుడి ఎడమల రెండు తోలు పట్టీలు పిడుల్లా కుడితే, చెరొకరం చెరో పిడి పట్టుకుని అతన్ని ఎలా కావాలంటే అలా ఈడ్చుకుపోవచ్చు. ఏసా నన్ను కావలించుకున్నాడు.

చొక్కా నా బల్ల మీద ఉండగా లియోనీ వచ్చింది. అంతకు ముందు ఆవిడ కొట్టుకి రావడం ఒకటి రెండుసార్లే. సన్నటి మనిషి, గట్టి చూపు.

"రిట్టర్ గారూ, అది మా ఆయన చొక్కాయేనా?"

"అవునమ్మా. రండి, కూర్చోండి."

కూర్చోలేదు. తోలు పిడి మీద వేలు పెట్టి చూసింది. "ఇలాంటివి పశువులకి కదా వేస్తారు?"

"గుర్రాలకి," అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. కుట్టు కాస్త వదులుగా వెయ్యండి."

"అంటే?"

"మరీ గట్టిగా లాగితే ఊడొచ్చేటట్టు. ఆయనకి తెలియక్కర్లేదు. పిడి ఊడిపోతే మీరు వదిలేస్తారు, అంతే కదా? ఆయనకి చెప్పి చూశాను. ఊరంతా తన పేరు పలుకుతోందని మురిసిపోతున్నాడు, నా మాట చెవికెక్కడం లేదు. నేను, అత్తగారు, పాప... ఆ ఊపిరి మీదే బతుకుతున్నాం. ఒక ఎముక విరిగితే రేపు బల్ల ఎక్కలేడు. బల్ల ఎక్కని ఊదేవాడికి ఇంకే పనీ రాదు."

"చూద్దాం లెండి," అన్నాను.

ఆ మాటని ఆవిడ సరేననడంగానే తీసుకుంది. "మేలు చేశారు," అని చెప్పి వెళ్ళింది. ఆవిడ మొహంలో తేలిక కనబడింది. నేను చూశాను.

లోపలి గదిలోంచి మా నాన్న అడిగాడు. "ఏమిటిరా, ఏమంటుంది ఆ అమ్మాయి?"

"కుట్టు వదులుగా వెయ్యమంటోంది."

"వదులు కుట్టు వేసే సూది మన కొట్టులో లేదని చెప్పకపోయావా?" అని తన పనిలో పడ్డాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం సూది తీసుకుని కూర్చున్నాను. రిట్టర్ల కుట్టు తెగిందన్న మాట ఈ లోయలో ఎవరూ అనలేదు. దారం రెండు పేటలు చేసి మైనం పట్టించాను. ప్రతి కుట్టూ వెనక్కి తిప్పి బిగించాను. చెయ్యి నిజంగానే వదులుగా వెయ్యబోయింది ఒకసారి. అప్పుడు మైదానంలో నా పిడి ఊడి నా చేతిలోకొస్తే ఊరంతా ఏమంటుందా అనిపించింది. ఆ ఆలోచనతో మరింత బిగించాను. ఆ పిడి పట్టుకుని గుర్రాన్ని గోతిలోంచి పైకి లాగొచ్చు. అంత బాగా కుట్టాను.

ఆ పట్టీలు వచ్చాక మమ్మల్ని ఆపినవాళ్ళు లేరు. కుడి పిడి నాది, ఎడమ పిడి కసాయి ఓటిస్‌ది. లెక్క ముప్పైకి చేరింది. నవంబర్ చివరికి ఒక్క ఆట మిగిలింది. థాంక్స్‌గివింగ్ పండగ రోజున, ఎగువన ఉన్న వెస్ట్ హార్లన్ ఊరితో.

ఆ రోజు సన్నటి మంచు వాన. మైదానం సగం బురద, సగం గడ్డకట్టిన నేల. రెండు ఊళ్ళ జనం తాళ్ళవతల ఒకళ్ళ మీద ఒకళ్ళు నిలబడ్డారు. లియోనీ కూడా పాపని శాలువాలో చుట్టుకుని వచ్చింది. నన్ను చూసి తలపంకించింది. మన మధ్య ఒక మాట ఉంది కదా అన్నట్టు. నేను చూపు తప్పించి బూటు తాళ్ళు కట్టుకున్నాను.

ఆట ముగియడానికి అయిదారు నిమిషాలుందనగా వాళ్ళు నాలుగు, మేం సున్నా. బంతి వాళ్ళ గీతకి మూడు గజాల ఇవతల ఉంది. గీత దాటిస్తే నాలుగు, పైన గోలు తన్నితే ఇంకో రెండు. ఏసా మా అందర్నీ దగ్గరికి లాగాడు.

"తిత్తికి ఇస్తున్నాను. వీడు గీత దాటేదాకా ఎవరూ పిడి వదలొద్దు. తిత్తీ, నువ్వు నోరు తెరవొద్దు."

ఫిర్మిన్ తలూపాడు. అప్పటికే అతని పెదవుల మీద రంగు లేదు. అది తర్వాత గుర్తొచ్చింది.

బంతి అందింది. ఒక్కడుగు వేశాడు. వాళ్ళు గుంపుగా వచ్చి గోడలా తగిలారు. ఎవరూ పడలేదు. పడి ఉంటే బాగుండేది. ఇరవైమందిమి నిలువుగా ఒకే ముద్దలా అతుక్కుపోయాం. మధ్యలో ఫిర్మిన్. వాళ్ళు మెడ పట్టి వెనక్కి తోస్తున్నారు. నేనూ ఓటిసూ పిడులు పట్టి ముందుకు ఈడుస్తున్నాం. మిగతావాళ్ళు మా వెనకనుంచి తోస్తున్నారు. నా తల అతని కుడి భుజం మీద నొక్కుకుపోయి ఉంది. రిఫరీ వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆ మాట కోసం వింటున్నాడు.

జనం అందుకున్నారు. ఒకటి. రెండు. మూడు.

పదిహేను దగ్గర అతని చెంప చూశాను. బల్ల మీద ఊదేటప్పుడు ఉబ్బినట్టు ఉబ్బి ఉంది. ఇరవై అయిదు దగ్గర ఆ చెంప లోపలికి పోయింది. నోరు తెరుచుకుంది. ముప్పై దాటగానే మా ఊరు ఊరంతా పిచ్చెత్తినట్టు గొంతు పెంచింది. అంత పెద్ద అంకె ఎప్పుడూ వినలేదు మేం. ముప్పై ఒకటి! ముప్పై రెండు! నా చేతిలో తోలు ఎక్కడా సాగలేదు. ఒక్క దారం కూడా చిటపటమనలేదు. నాకది తెలుస్తోంది. గర్వంగా కూడా ఉంది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

నలభై ఒకటి దగ్గర ఆ ముద్ద మొత్తం ముందుకి ఒరిగి గీత అవతల కూలింది.

ఏసా గోలు తన్నాడు. ఆరు, నాలుగు. గెలిచాం.

అందరం లేచాక ఫిర్మిన్ కూడా లేచాడు. నడిచాడు. ఎవరో వీపు చరిస్తే పర్లేదన్నట్టు చెయ్యెత్తాడు. మైదానం అంచుకి వెళ్ళి ఒక దుంగ మీద కూర్చున్నాడు. లియోనీ పాపని ఎవరికో ఇచ్చి పరిగెత్తుకొచ్చింది. అతని ముందు కూర్చుని మొదట మొహం చూసింది, తర్వాత నడుం చూసింది. పిడి పట్టుకుని ఒకసారి లాగింది. అది కదల్లేదు. తలెత్తి నావైపు చూసింది. ఆ చూపు గురించి ఏమీ రాయలేను.

సాయంత్రం అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో విందు. టర్కీ కోడి, ఆయిస్టర్ల పులుసు, గుమ్మడికాయ తీపి రొట్టె. ఫిర్మిన్ నా పక్కనే కూర్చున్నాడు. పళ్ళెంలో ఏదీ ముట్టలేదు, నవ్వుతూనే ఉన్నాడు. రొమ్ముకి మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"తిత్తీ! నలభై ఒకటి తిత్తీ!" అని గనివాళ్ళు అవతలి బల్ల మీద నుంచి కేకలేశారు. "ఆ దీపం ఆర్పు! చిమ్నీ తియ్యండ్రా, ఆర్పుతాడు!"

ఎవడో చిమ్నీ తీశాడు. ఆరడుగుల దూరం కూడా లేదు. ఫిర్మిన్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచి, ఊదాడు.

దీపం కాస్త పక్కకి వంగి, మళ్ళీ నిటారుగా నిలబడింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అంతలో ఓటిస్ పగలబడి నవ్వాడు. "చూడండ్రా, మనల్ని ఏడిపిస్తున్నాడు!" హాలంతా నవ్వింది. ఫిర్మిన్ కూడా నవ్వబోయాడు. కూర్చున్నాక రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, మడిచి, జేబులో పెట్టేసుకున్నాడు. మడత అంచున ఎర్రగా ఉంది. పక్కనున్న నాకొక్కడికే కనబడింది.

మూడు పక్కటెముకలు విరిగాయని, ఒకటి లోపలికి గుచ్చుకుందని డాక్టరు మర్నాడు చెప్పాడు. పట్టీ చుట్టి పడుకోబెట్టాడు. కార్ఖానాలో ఊదేవాడి చోటు ఖాళీగా ఉండడానికి వీల్లేదు. కానీ బెల్జియం వాళ్ళు తమలో తాము వంతులేసుకుని, ఒకడి తర్వాత ఒకడు అతని బల్ల ఎక్కి, జనవరి దాకా ఆ చోటు కాపాడారు. మేం, క్లబ్బు వాళ్ళం, ఒకసారి వెళ్ళి చూసొచ్చాం. ఏసా ఆ బంతి మీద స్కోరు రాసి అతనికి ఇచ్చాడు. పాప దాంతో ఆడుకునేది.

కొత్త సంవత్సరం రోజున వాళ్ళిళ్ళల్లో వాఫిల్స్ అనే తియ్యటి గళ్ళ అట్లు చేసి ఇరుగుపొరుగుకి పంచుతారు. ఏటా మా ఇంటికీ వచ్చేవి. ఆ ఏడు రావనుకున్నాను. వచ్చాయి. తెల్లటి గుడ్డ కప్పిన పళ్ళెం లియోనీయే తెచ్చి, "పెద్దాయనకి," అని మా నాన్న చేతికిచ్చి వెళ్ళింది. నాన్న తినమన్నాడు. నా వల్ల కాలేదు.

జనవరి మూడో వారంలో తోలు చేతితొడుగులు ఇవ్వడానికి కార్ఖానాకి వెళ్ళాను. ఆ పొద్దునే ఫిర్మిన్ మళ్ళీ పనిలోకి వచ్చాడు. గాజు ముద్ద తీసి అందించేది అతని మేనమామ జోసెఫ్. ఆయన చాలా జాగ్రత్తగా, అసలు కంటే చిన్న ముద్ద తీసి గొట్టం అందించాడు. ఫిర్మిన్ బల్ల ఎక్కాడు. మొదటి ఊపిరి బాగానే వెళ్ళింది. ఊపాడు. ముద్ద సాగింది. మళ్ళీ ఊదాడు. నడుమెత్తు దాకా వచ్చింది. చుట్టుపక్కల బల్లల మీద వాళ్ళు తమ పని చేస్తున్నట్టే ఉన్నారు గానీ, అందరూ అతన్నే చూస్తున్నారు. మూడోసారి గొట్టం నోటికి పెట్టుకున్నాడు. చెంపలు ఉబ్బాయి. గాజులోకి ఏమీ వెళ్ళలేదు. సిలిండర్ ఒక పక్క ఖాళీ సంచిలా లోపలికి పోయి, వంకర తిరిగి, గోతి అంచుకి తగిలి పగిలింది.

కొలిమి హోరు తప్ప చప్పుడు లేదు.

"ఇనుము చల్లగా ఉందిరా," అన్నాడు జోసెఫ్. "ఇంకోటి తీస్తానుండు."

"ఇనుము బాగానే ఉంది మావయ్యా," అన్నాడు ఫిర్మిన్. బల్ల దిగి గొట్టాన్ని గోడకి ఆనించాడు. ఎప్పుడూ ఎక్కడ పెడతాడో అక్కడే, అంత పద్ధతిగానూ పెట్టాడు. కోటు తీసుకుని నా పక్కనుంచి వెళ్ళాడు. నన్ను చూశాడో లేదో తెలియదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వంతెన మీద కలిశాడు. నది మీద మంచు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. ఇద్దరం కొంచెం దూరం కలిసి నడిచాం. వంతెన ఎగుడు దగ్గర అతను ఆగాడు, చూడ్డానికన్నట్టు. ఊపిరి కోసమే ఆగాడు.

"ఫిర్మిన్, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ రోజు ఎందుకు అనలేదు?"

అతను కమ్మీ మీద చేతులు పెట్టుకుని నీళ్ళు చూశాడు. "అనలేదని నీకెవరు చెప్పారు?"

నేనూ అతని పక్కనే కమ్మీ పట్టుకున్నాను.

"వెనక ఉన్నది నువ్వే కదా, జోనస్. నీ తల నా భుజం మీదే ఉంది. నీకేం వినబడింది?"

"లెక్క వినబడింది."

"ఎంత దాకా?"

"నలభై ఒకటి."

తలూపాడు. అందులో కోపం లేదు. "నాకు ముప్పై దాకానే వినబడింది," అన్నాడు. కోటు మెడ పైకెత్తుకుని, "పద, చలిగా ఉంది," అన్నాడు.

మార్చి మొదట్లో ఒక మంగళవారం కొట్టుకొచ్చాడు. ట్రంకు పెట్టె చుట్టూ బిగించడానికి పట్టీ ఒకటి కావాలన్నాడు.

"ఎక్కడికి?"

"ఇండియానా. లియోనీ అన్నయ్య ఉన్నాడు. అక్కడ కొత్త కార్ఖానాలు లేస్తున్నాయి. అద్దాలు గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దే పని ఉందిట. కూర్చుని చెయ్యొచ్చు."

పెట్టె కొలత చెప్పాడు. రాసుకున్నాను. "కుట్టు ఎలా వెయ్యమంటావు?" అని నోరు జారాను.

అతను నావైపు చూశాడు. అప్పుడే తెలిసింది, లియోనీ అతనికి అంతా చెప్పిందని. ఎప్పుడు చెప్పిందో, ఆటకి ముందో తర్వాతో, ఇప్పటికీ తెలియదు.

"నీకు వచ్చింది ఒక్కటే కుట్టు కదా," అన్నాడు. చిన్నగా నవ్వాడు కూడా. "శనివారం వచ్చి తీసుకుంటాను."

ఉన్నవాటిలో మంచి తోలు తీశాను. ఇత్తడి బకిలు వేశాను. శనివారం ఏం చెప్పాలో నాలుగు రోజులూ మనసులో కూర్చుకుంటూ కుట్టాను. శనివారం పొద్దున్నించి ఎడమవైపు అద్దంలోంచి వీధి చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం కార్ఖానా కూత వేసింది. అందరూ ఇళ్ళకి పోయారు. రెండైంది. పట్టీ చేత్తో పట్టుకుని నేనే బయల్దేరాను.

వాళ్ళింటి పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. కిటికీలకి తెరలు లేవు. పక్కింటి ముసలావిడ పెరట్లో కోళ్ళకి గింజలు వేస్తోంది.

"వాళ్ళా? గురువారం పొద్దున్నే రైలెక్కేశారు బాబూ. నీకు చెప్పలేదూ?"

"పెట్టె ఉండాలే, దానికి..."

"దానికేం, తాడేసి కట్టారు. బట్టలారేసే తాడు. ఆయన కడుతుంటే ఆయాసం వచ్చింది, మిగతాది ఆ అమ్మాయే బిగించింది," అంది. వాళ్ళ పెరట్లో అటూ ఇటూ ఉన్న రెండు గుంజలు చూపించింది. వాటి మధ్య ఏమీ లేదు.